మైకు ముందు మాస్టారు

1948 అక్టోబరు 25, సాయంత్రం నాలుగు గంటలు. అమెరికాలోని మెంఫిస్ నగరం, డబ్ల్యూడీఐఏ రేడియో. మైకు ముందు కూర్చున్న నాట్ డి. విలియమ్స్ చెప్పాలనుకున్నదంతా మరిచిపోయారు. ఏం చేయాలో తోచక పకపకా నవ్వేశారు. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ నవ్వే ఆయన చిరునామా.

ఆ ఊళ్ళో మైకు పట్టిన తొలి నల్లజాతి డిస్క్ జాకీ ఆయనే. అసలు ఉద్యోగం బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పడం. స్టేషన్ యజమానులు ఫెర్గూసన్, పెప్పర్ తెల్లవాళ్ళు. స్టేషన్ నష్టాల్లో ఉంది, ఊళ్ళో నల్లజాతి శ్రోతలను పట్టించుకున్న రేడియో లేదు. కాబట్టి ఇందులో ఔదార్యం కన్నా వ్యాపారమే ఎక్కువ. అయినా బెదిరింపులు తప్పలేదు.

నల్లజాతి జాకీల్లో అప్పటికే రెండు బాణీలున్నాయి. షికాగోలో 1929లోనే కార్యక్రమం మొదలుపెట్టిన జాక్ కూపర్‌ది తీర్చిదిద్దిన ఇంగ్లీషు. ఏ జాతివాడో గొంతును బట్టి పోల్చుకోవడం కష్టం. అదే ఊళ్ళో తర్వాత వచ్చిన ఆల్ బెన్సన్ తన మిసిసిపీ యాసను దాచుకోలేదు, జనం విరగబడి విన్నారు. మన మాస్టారికి రెండూ వచ్చు. బ్లూస్ రికార్డు పెట్టేటప్పుడు మెంఫిస్‌లోని బీల్ వీధి మాట. ‘బ్రౌన్ అమెరికా స్పీక్స్’ చర్చలో క్లాసురూము భాష. తన రంగు మీదా, సోడాబుడ్డి కళ్ళద్దాల మీదా తానే జోకులేసుకునేవారు.

ఈ పనిలో కష్టమంతా సమయం దగ్గరే. రికార్డు ఆడేది మూడు నిమిషాలు. వాయిద్యం మొదలై గాయకుడు అందుకునేలోపు దొరికే కొద్ది సెకన్లలోనే జాకీ మాట ముగియాలి. ఒక్క ముక్క ఎక్కువైతే పాట పాడవుతుంది, తక్కువైతే వెలితి. ప్రకటన కూడా కాగితం చదివినట్టుంటే ఎవరూ వినరు, పక్కింటాయన చెప్పినట్టుండాలి.

నా మటుకు నాకు పాటల కన్నా ఆ స్టేషన్ ఉచితంగా చదివిన కబుర్లే గొప్పగా తోస్తాయి. తప్పిపోయిన పశువు, పోయిన కట్టుడు పళ్ళు, చర్చిలో సభ. దక్షిణాదిలో చాలా తెల్ల పత్రికలు నల్లవాళ్ళ పేరు ముందు ‘మిస్టర్’ అని కూడా వేయని రోజులవి. అలాంటి చోట తమ ఊరి సంగతులు, తమ యాసలో, రేడియోలో! 1954లో స్టేషన్ 50,000 వాట్లకు పెరిగాక ఆ గొంతు మిసిసిపీ డెల్టా పల్లెల్లోనూ మోగింది.

ఇంత పేరొచ్చినా బడి మానలేదు. పొద్దున రేడియో, పగలు పాఠాలు, సాయంత్రం మళ్ళీ రేడియో. ఆయన శిష్యుడు రూఫస్ థామస్ అదే స్టేషన్‌లో జాకీ అయ్యాడు, గాయకుడిగానూ పేరు తెచ్చుకున్నాడు. బి.బి. కింగ్ కూడా తొలిరోజుల్లో అక్కడ రికార్డులు వేసినవాడే.

1972లో పక్షవాతం మాస్టారిని మైకుకు దూరం చేసింది. 1983లో ఆయన కన్నుమూశారు. డబ్ల్యూడీఐఏ మాత్రం మెంఫిస్‌లో ఇప్పటికీ మోగుతూనే ఉంది.