ఏ మెమరీ నిండింది నాయనా?

ఫోన్‌లో ఫొటోలు దిగడం లేదని మొన్న రిపేరు షాపుకెళ్లాను. కుర్రాడు చూసి, "మెమరీ ఫుల్ అంకుల్" అన్నాడు. "ఏది? ర్యామా, స్టోరేజా?" అన్నాను. "రెండూ మెమరీయే కదంకుల్!"

నా చాదస్తం మీకు కొత్త కాదు. ఆవకాయా మాగాయా ఒకటేనంటేనే ఊరుకోనివాణ్ణి. ర్యామ్ వంటగట్టు, స్టోరేజి అటక. గట్టు ఇరుకైతే వంట ఆలస్యమవుతుంది. అటక నిండితే కొత్త డబ్బాకు చోటుండదు. కరెంటు పోతే గట్టు మీదంతా ఊడ్చుకుపోతుంది, అటక మీదది పదిలం. ఇంత ఉపన్యాసమూ ఇచ్చాకే బయటపడ్డాను.

ఈ తేడా నాకు నేర్పింది డీటీపీ సెంటరు. 2000 ప్రాంతంలో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేయించుకునేవాణ్ణి. ఓ సాయంత్రం పన్నెండు పేజీలయ్యాక కరెంటు పోయింది. యూపీఎస్ ఓ కూత పెట్టి ఊరుకుంది. "సేవ్ చేశావామ్మా?" అన్నాను. ఆపరేటరమ్మాయి కీబోర్డు వంకే చూస్తూ కూర్చుంది. అప్పట్నించీ ప్రతి వ్యాసమూ ఫ్లాపీలోకి ఎక్కించేవాణ్ణి. 1.44 ఎంబీయే అయినా, జేబులో ఉంటే అదో ధీమా.

షాపులో అంత మాట్లాడాక ఆ ఫ్లాపీలు చూడాలనిపించి నిజంగానే అటకెక్కాను. పదకొండు దొరికాయి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు అరువు తెచ్చి పెడితే తొమ్మిది తెరుచుకోలేదు, బూజు. రెండు తెరుచుకున్నాయి గానీ లోపల తెలుగు లేదు. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తొడిగినవి. ఫాంటు లేకపోతే మిగిలేది గుర్తుల గందరగోళం.

పదిలమన్నది ఇదీ! మతిమరుపుదని నేను తీసిపారేసిన ర్యామ్‌లో ఒక్కో బిట్టూ బుల్లి కెపాసిటర్‌లో చిటికెడు చార్జి. అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లకోసారి చదివి మళ్లీ నింపుతారు. అంటే సెకనుకు పదిహేనుసార్లు పైనే. నా ఫ్లాపీల్ని పాతికేళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు నేను. ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవులైనా అంతే, ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా సొరుగులో పడేస్తే వాటి చార్జి జారిపోవచ్చు. రెండూ మెమరీయే అన్న కుర్రాడే నయం. నేనే అటకను అతిగా నమ్మాను.

మీ ఇంట్లో పెళ్లి సీడీలు, పాత పెన్‌డ్రైవులు ఉంటే ఈ ఆదివారం తీయండి. తెరుచుకున్నవి రెండు చోట్లకు కాపీ చేయండి, అను ఫైళ్లుంటే యూనికోడ్‌లోకి మార్పించండి. 2001 నాటి ఈ కాలమ్ కత్తిరింపులు ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో తీసి పంపండి. ఫోన్‌లో చోటు చేసి ఉంచాను.