నల్ల తెర మీద తలకట్టు

రాత్రి షిఫ్టు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. హైదరాబాదులో కూచుని ఫ్రాన్సులో ఎక్కడో ఉన్న సర్వరులోకి లాగినై, ఎల్‌ఎస్ కొట్టాను. నల్ల తెర మీద వరసగా దిగిన ఫైళ్ల పేర్లు చూసి గుండె గుభేలుమంది. ‘రెజ్యూమే’ అని ఉండాల్సిన చోట, మాట మధ్యలో నెత్తిన అలగీత వేసుకున్న పెద్ద ‘ఏ’ ఒకటి, దాని పక్కనే కాపీరైటు గుర్తు. మాట చివర మళ్లీ అదే జంట. ఫోల్డరు నిండా ఇదే వరస. పేర్లు పాడైపోయాయి, బాగుచేసి మంచి పేరు కొట్టేద్దామనుకున్నాను. లాటిన్-1 నుంచి యూటీఎఫ్-8కి మార్చే నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి, ఎవర్నీ అడక్కుండా నడిపేశాను.

తెల్లారి మా సీనియర్ వచ్చి చూశారు. కోప్పడలేదు. “ఫైళ్లకేం కాలేదు నాయనా, నీ తెర చదవటమే సరిగ్గా లేదు. కళ్లజోడు మసకేసిందని ఊరికి సున్నం కొడతామా?” అన్నారు. అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న పేర్లు నా చేతి చలవ వల్ల అప్పుడు నిజంగా పాడయ్యాయి.

ఆ జంట సంగతి చెప్పాలంటే ముందు గీత సంగతి చెప్పాలి. ‘ఇ’ అక్షరం నెత్తిన కుడివైపుకి ఎక్కే చిన్న వాలుగీతని ఫ్రెంచివాళ్లు ఆక్సాంతెగూ అంటారు. నేనిక్కడ ఆ గీత ఉన్న అక్షరాన్ని ఎగూ అంటాను. మనకి తలకట్టు ఎలాగో వాళ్లకి ఆ గీత అలాగ. సొగసు కోసం పెట్టుకున్నది కాదు. ఫ్రెంచిలో జాలరికీ పాపాత్ముడికీ రాతలో తేడా ఒక్క గీత ఆకారమే. గొడుగులా ఉంటే జాలరి, వాలుగా ఉంటే పాపాత్ముడు. కలకీ కళకీ తేడా తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కంప్యూటరుకి గీతలు తెలియవు, అంకెలు తెలుసు. లాటిన్-1 అనే పాత పట్టికలో ఎగూ అంకె 233, ఒక్క బైటు. యూటీఎఫ్-8 అనే కొత్త పద్ధతిలో అదే అక్షరం 195, 169 అని రెండు బైట్లు. ఈ రెంటినీ లాటిన్-1 పట్టిక పట్టుకుని చదివితే 195 దగ్గర అలగీత ‘ఏ’, 169 దగ్గర కాపీరైటు గుర్తు ఉంటాయి. నేను చూసిన జంట అదే. సర్వరు యూటీఎఫ్-8లో చెబుతోంది, నా టెర్మినల్ ప్రోగ్రాము సెట్టింగుల్లో లాటిన్-1 అని ఉంది. మార్చాల్సింది ఆ ఒక్క సెట్టింగు.

ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు తెర చూసి రోగం చెబుతారు, నాడి పట్టినట్టు. అలగీత ‘ఏ’ జంట కనబడితే యూటీఎఫ్-8ని పాత పట్టికతో చదువుతున్నారని అర్థం. నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం ఉంటే దానికి తిరగేసిన జబ్బు, అంటే ఒంటరి 233 యూటీఎఫ్-8 తెర మీదికి వచ్చిందన్నమాట. విండోస్ పాత కమాండు కిటికీలో ఎగూ ఉండాల్సిన చోట గ్రీకు థీటా దిగితే అక్కడ నడుస్తున్నది 437 పట్టిక. వాలుగీత ఉన్న పెద్ద ‘యు’ దిగితే అది పశ్చిమ యూరప్ వాళ్ల 850. నోట్‌ప్యాడ్‌లో 233గా దాచిన అక్షరాన్నే ఆ రెండు పట్టికలూ అలా చదువుతాయి. అక్కడ సీహెచ్‌సీపీ 65001 అని కొడితే కిటికీ యూటీఎఫ్-8లోకి మారుతుంది. యూటీఎఫ్-8లో దాచిన ఎగూ అప్పుడు సరిగ్గా కనబడుతుంది, ఫాంటులో ఆ అక్షరం ఉంటే.

ఈ చిక్కు తెరకంటే పాతది. టెర్మినల్‌కి మూలపురుషుడు టెలిటైప్ యంత్రం. యునిక్సులో ఇప్పటికీ టెర్మినల్‌ని టీటీవై అంటున్నది అందుకే. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 స్థానాలే. గీతల అక్షరాలకి విడిగా చోటు లేదు గానీ, రూపకర్తలు వాటిని మరీ గాలికి వదిలెయ్యలేదు. ‘ఇ’ కొట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి, దాని మీదే ఒంటి కొటేషన్ గుర్తు కొడితే కాగితం మీద రెండూ కలిసి ఎగూ అయ్యేది. కీబోర్డు మీద ఎందుకున్నాయో తెలియని ఆ గొడుగు గుర్తు, అలగీత గుర్తు 1967 సవరణలో కుదురుకున్నది కొంత ఈ పనికోసమే. కాగితం పోయి గాజుతెర వచ్చాక ఈ ఉపాయం చెడింది. తెర మీద వెనక్కి జరిగి ఇంకో గుర్తు కొడితే మొదటిది చెరిగిపోతుంది!

తర్వాత ఒక్కో దేశం తనకి అక్కర్లేదనుకున్న గుర్తుల్ని తీసేసి తన అక్షరాల్ని ఆ చోట్లో కూచోబెట్టింది. ఫ్రాన్సులో ఎడమ ఫ్లవర్ బ్రాకెట్ స్థానం ఎగూకి దక్కింది. స్వీడన్‌లో అదే స్థానంలో నెత్తిన రెండు చుక్కల ‘ఏ’, కుడి బ్రాకెట్ స్థానంలో నెత్తిన సున్నా ఉన్న ‘ఏ’. ఉత్తరాలు రాసుకునేవాడికి హాయే. సీ భాషలో ప్రోగ్రాము రాసేవాడికి మాత్రం ప్రతి బ్రాకెట్టూ స్వీడిష్ అక్షరంగా కనబడేది, అలాగే చదువుకునేవాళ్లు. మూడు గుర్తుల్ని వరసగా కొడితే బ్రాకెట్టుగా తీసుకొమ్మనే వింత ఏర్పాటు 1989 నాటి సీ ప్రమాణంలోకి చొరబడింది ఈ బాధ వల్లే.

ఎనిమిదో బిట్టు వాడకంలోకి వచ్చాక స్థానాలు 256 అయ్యాయి. 1983లో డెక్ కంపెనీ వీటీ220 టెర్మినల్‌లో యూరప్ భాషల పట్టిక ఒకటి పెట్టింది. 1987 నాటి లాటిన్-1 చాలావరకు దాని బిడ్డే. పట్టిక వచ్చినా దారిలో కొన్ని ప్రోగ్రాములు ఎనిమిదో బిట్టుని చెత్తనుకుని కోసిపారేసేవి. 233లోంచి 128 పోతే 105, అంటే ‘ఐ’ అక్షరం. ‘కాఫే’ అని పంపితే అవతల ‘కాఫీ’ అందేది. ఆ రోజుల అవశేషం ఇంకా ఉంది. ఆజ్ఞలు చదివే బ్యాష్ షెల్ వెనక ఉండి లైను రాయించే రీడ్‌లైన్ కోసం ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలులో ఇన్‌పుట్-మెటా ఆన్, అవుట్‌పుట్-మెటా ఆన్, కన్వర్ట్-మెటా ఆఫ్ అని పెద్దవాళ్లు మూడు లైన్లు రాసుకునేవారు. ఎనిమిదో బిట్టుతో వచ్చినదాన్ని ఆజ్ఞ అనుకోకు, అక్షరమే అనుకో అని దానికి చెప్పడం.

1992 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూజెర్సీలోని ఓ చిన్న హోటల్లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ పళ్లెం కింది కాగితం మీద యూటీఎఫ్-8 లెక్క వేసుకున్నారు. కొద్ది రోజుల్లో బెల్ ల్యాబ్స్‌లోని వాళ్ల ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం దాంట్లోకి మారిపోయింది. అందులోని తెలివి షెల్ పక్కన కూచుంటేనే తెలుస్తుంది. షెల్‌కి ప్రాణమైనవి కొన్నే ఉన్నాయి: ఖాళీ, కోట్ గుర్తులు, ఫోల్డర్లని విడదీసే ఏటవాలు గీత, లైను ముగింపు. అన్నీ 128 లోపువే. యూటీఎఫ్-8లో ఎగూకైనా మన ‘క్ష’కైనా వాడే బైట్లన్నీ 128, ఆ పైనవి. ఎంత పెద్ద లిపి వచ్చి కూచున్నా ఏటవాలు గీతలా పొరబాటున కనబడే బైటు దాంట్లో ఉండదు. అందుకే యునిక్సు గుండెకాయని కొయ్యకుండానే ప్రపంచ భాషలన్నీ ఫైళ్ల పేర్లలోకి రాగలిగాయి. నా మటుకు నాకు, గొడవపడకుండా ఇంటికొచ్చిన కోడలి నేర్పు ఇది.

అయితే బైట్ల మీద ‘నేను ఫలానా పట్టిక’ అని ఎవరూ రాయరు. కీబోర్డు నుంచి టెర్మినల్, ఎస్‌ఎస్‌హెచ్, షెల్, ప్రోగ్రాము, ఫైలు దాకా అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఆ మాటని లొకేల్ అంటారు. ఎల్‌సీ-ఆల్ ఉంటే దానిదే పెత్తనం. అది లేకపోతే అక్షరాల విషయంలో ఎల్‌సీ-సీటైప్, అదీ లేకపోతే లాంగ్. ఏదీ లేనప్పుడు ప్రోగ్రాము ‘సీ’ అనే పాతకాలపు లొకేల్లో పడుతుంది, దానికి తెలిసింది ఆస్కీ ఒక్కటే. ఎస్‌ఎస్‌హెచ్ మన లాంగ్‌ని అవతలికి మోసుకెళ్లినా, అక్కడ ఆ లొకేల్ తయారుగా లేకపోతే ఫలితం అదే. అప్పుడు ఎల్‌ఎస్ ఎగూని చూపించలేక ప్రశ్నార్థకాలు పెడుతుంది, కొత్త ఎల్‌ఎస్ అయితే వెనకగీత పెట్టి 303, 251 అని రాస్తుంది. ఎనిమిది ఆధారంగా రాసే ఆక్టల్ లెక్కలో అవి మన 195, 169లే. గిట్‌లో తెలుగు పేరున్న ఫైలు పెట్టినవాళ్లు 340, 260 అని మొదలయ్యే అంకెల దండు చూసే ఉంటారు. అక్కడ పేరు పాడవలేదు. కోర్-కోట్‌పాత్ అనే సెట్టింగుని ఆపితే తెలుగు తెలుగుగానే కనబడుతుంది.

అందుకే తెరని నమ్మకముందు అంకెలు చూడాలి. ఎల్‌ఎస్ ఇచ్చినదాన్ని బైటు బైటుగా చూపమని ఓడీకి పంపితే బైట్లు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. 303, 251 ఉంటే ఫైలుకేం కాలేదు. నా రాత్రి నిర్వాకం తర్వాత అక్కడున్నవి నాలుగు: 303, 203, 302, 251. అలగీత ‘ఏ’నీ కాపీరైటు గుర్తునీ విడివిడి అక్షరాలనుకుని రెంటినీ మళ్లీ యూటీఎఫ్-8 చేశాను. మా సీనియర్ బ్యాకప్ జోలికి పోలేదు. లాటిన్-1లో 256 అంకెలకీ తలా ఒక స్థానం ఉంది కాబట్టి వచ్చిన దారినే వెనక్కి నడిస్తే ఏదీ జారిపోదన్నారు. నా స్క్రిప్టునే తిరగేసి నడిపారు. ఆ తర్వాత కన్వ్‌ఎమ్‌వీ అనే పనిముట్టు చూపించారు. మామూలుగా నడిపితే అది ఏం మారుస్తుందో చెప్పి ఊరుకుంటుంది. నోటెస్ట్ అని జోడిస్తేనే మారుస్తుంది. పేరు ముందే యూటీఎఫ్-8లో ఉంటే ఆ ఫైలు జోలికే పోదు. దాన్ని రాసినవాళ్లు నాలాంటి కుర్రాళ్లని చూసే ఉంటారు.

ఇంకో మెలిక. ఎగూని ఒకే అక్షరంగా రాయొచ్చు, ఒట్టి ‘ఇ’ రాసి పక్కన గీత పెట్టీ రాయొచ్చు. టెలిటైపు నాటి ఉపాయమే, యూటీఎఫ్-8 వెనకున్న ప్రపంచ లిపుల పట్టిక అయిన యూనికోడ్‌లో మళ్లీ వచ్చిందన్నమాట. మాక్ పాత ఫైల్ సిస్టమ్ పేర్లని విడగొట్టి దాచేది. లినక్స్ ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుతుంది. ఒకే ఫోల్డరులో చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ‘కాఫే’లు, ఒకటి కొడితే రెండోది దొరకదు. ఇదేదో ఫ్రెంచివాళ్ల గోల అనుకోకండి. మన ఐత్వానికీ యూనికోడ్‌లో రెండు రాతలున్నాయి: ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం కింద ఇంకో గుర్తు తగిలించి ఒకటి. ‘శైలజ’ అనే ఫైలు పాత మాక్ నుంచి లినక్స్‌కి వస్తే అచ్చం ఇలాగే తప్పిపోతుంది.

ఎగూకి దక్కిన హాయి మనకింకా పూర్తిగా దక్కలేదు. టెర్మినల్ అంటే గళ్ల నోటుబుక్కు, గడికో అక్షరం. ఎగూ ఒక గడిలో ఒదిగిపోతుంది. ‘తెలుగు’ మనకి మూడక్షరాలు, యూనికోడ్‌కి ఆరు గుర్తులు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. యూనికోడ్ లెక్కలో ఎత్వం చోటు తినని గుర్తు, కొమ్ము చోటు తినే గుర్తు. టెర్మినళ్లు వాడే కొలతల పట్టిక ఆ లెక్క ప్రకారమే ‘తెలుగు’కి ఐదు గళ్లు కడుతుంది. ‘క్ష’కి రెండు కడుతుంది, షవత్తు వెళ్లి క కింద కూచుంటుందని దానికి తెలియదు.

ఇప్పుడు కొత్త సర్వరు చేతికొస్తే మొదట చేసే పని ఒకటుంది. కొట్టినదాన్ని తిరిగి చూపే క్యాట్ నడిపి, ఎగూ కొట్టి, వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కి ఎంటర్ కొడతాను. ఎస్‌టీటీవైలో ఐయూటీఎఫ్8 అనే సెట్టింగు పెట్టి ఉంటే ఖాళీ లైను తిరిగొస్తుంది. లేకపోతే 169 ఒక్కటే చెరిగి, జంటలోని 195 తెర మీద కనబడకుండా మిగిలిపోయి, నల్ల వజ్రమై తిరిగొస్తుంది. అది నెగ్గితే ‘తెలుగు’ అని కొడతాను. అక్షరాలు మూడూ సరిగ్గానే వస్తాయి. కర్సరు మాత్రం రెండు గళ్లు అవతల నిలబడి మెరుస్తూ ఉంటుంది.