బందరు నాటకంలో మా ఉర్దూ

పామిడిముక్కల చుట్టుపక్కల తిరునాళ్ళొస్తే పద్యనాటకం ఉండాల్సిందే. ఉద్యోగవిజయాలు, హరిశ్చంద్ర, రామదాసు. చాపలేసుకుని తెల్లార్లూ చూసినవాళ్ళమే మేమూ. రాయబారం పద్యాలు మా అబ్బాకు మాకంటే బాగా కంఠతా వచ్చు. ఆ నాటకాలు మావి కావని మాకెవరూ చెప్పలేదు. స్టేజీ మీదికి సాయిబు వచ్చినప్పుడే మాకా సంగతి తెలిసేది.

సాయిబు అంటే తానీషా కొలువులో బంటు. పుస్తకంలో ఉన్నా లేకపోయినా గళ్ళలుంగీ కట్టుకునే వస్తాడు. 'నీకీ, మాకీ' అంటాడు. జనం పడీపడీ నవ్వుతారు. మేమూ నవ్వాం. నవ్వకపోతే పక్కవాడు మా మొహం వంక చూస్తాడు గదా.

ఈ నవ్వుకు వెనక శాస్త్రమొకటుంది. వేదం వేంకటరాయ శాస్త్రి 1897లో ప్రతాపరుద్రీయం రాస్తూ పాత్రోచిత భాష అన్నారు. ఎవరి నోటికి తగ్గ మాట వాళ్ళకి. సూత్రం మంచిదే, ఆయన గొప్ప నాటకకర్తే. కానీ ఢిల్లీ తురకకు పెట్టిన ఆ విరుగు తెలుగు పల్లెటూరి సమాజాల చేతిలో పడి మాకంటుకుంది. దివిసీమ సాయిబు ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, గడప దాటితే దివిసీమ తెలుగే మాట్లాడతాడు. ఆ తెలుగు స్టేజీ మీద మాకెన్నడూ వినపడలేదు.

ధర్మవరం గోపాలాచార్యుల రామదాసు సంగతే చూడండి. అందులో కబీరుకు చప్పట్లు. 15వ శతాబ్దపు కబీరు 17వ శతాబ్దపు గోపన్న దగ్గరికి ఎలా వచ్చాడని ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా. రామనామం పాడే ముస్లిం మంచివాడు. బాకీ అడిగే ముస్లిం తానీషా. చివరికి రాముడి దర్శనమయ్యాకే అతనూ మనిషవుతాడు. ఐదుపూటలా నమాజు చేసుకుంటూ, పిల్లల ఫీజుకు తడుముకునే మాబోటివాళ్ళకు వేషమే లేదు.

ఆ తానీషాయే భాగవతుల ఆట చూసి ముచ్చటపడి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. కూచిపూడి మాకు పక్క మండలమే. నాటకం కట్టేవాళ్ళకు ఊరు రాసిచ్చిన నవాబు మీద ఆ ఘట్టంతో నాటకం మేమైతే చూడలేదు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీవాళ్ళు పట్టుకుపోయింది 1323లో. తానీషాను కూడా ఢిల్లీ పాదుషాయే పట్టుకుపోయాడు, 1687లో. దౌలతాబాదు కోటలో చనిపోయేదాకా ఖైదీయే. అతన్ని విడిపించడానికి ఏ యుగంధరుడూ పిచ్చివాడి వేషం కట్టలేదు.

ఇక అసలు సంగతి. దివిసీమలో పుట్టిన నాదెళ్ళ పురుషోత్తమకవి 1884-86 మధ్య బందరు నాటక సమాజం కోసం 32 హిందుస్తానీ నాటకాలు రాశారు, తెలుగు లిపిలో! తెలుగు నటులు ఆ మాటలు వల్లెవేసి ఆడారు, బందరు జనం చూశారు. నవ్వించడానికి ఓ మూల ఇరికించిన ఉర్దూ కాదది. నాయకుడిదీ నాయికదీ కూడా ఆ భాషే. మా అమ్మీ కూడా మాకు ఖత్ రాయాల్సొస్తే ఉర్దూ మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాసేది. ఆ పనే పురుషోత్తమకవి ఆమెకంటే ఎన్నో ఏళ్ళ ముందు చేశారని తెలిసిన రోజు మాకు నిద్ర పట్టలేదు.

సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అడిగితే 2022 జనవరిలో ప్రభుత్వం చింతామణి నాటకాన్నే నిషేధించింది. వాళ్ళ బాధ మాకు తెలుసు. అయినా మేం నిషేధం అడగం. నాటకం ఆగిపోతే మా అబ్బా పద్యాలు కూడా ఆగిపోతాయి. ఆ 32లో ఒక్కటి ఆడమని మాత్రమే అడుగుతున్నాం.

అడిగాం కూడా. ఒక సమాజం పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. "జనానికి అర్థం కాదండీ సాయిబుగారూ" అన్నాడు. కాసేపాగి, "మీవాళ్ళలో హార్మోనియం వాయించేవాళ్ళుంటే చెప్పండి, మావాడు మానేశాడు" అన్నాడు.