తిరుగు రైలు ముందు

వికారాబాద్‌కు ఒక్కరోజు యాత్ర ప్లాన్ చేయడంలో ఆరితేరినవాళ్లు ముందు వెతికేది వెళ్లే రైలును కాదు, తిరుగు రైలును. సాయంత్రం ఏ రైలుకు తిరిగి రావాలో ఖాయం చేసుకుని, అక్కణ్ణించి గంటలు వెనక్కి లెక్కేసుకుంటూ వస్తారు.

స్విట్జర్లాండ్‌లో ఈ తలనొప్పి తక్కువ. 1982 నుంచి అక్కడ ముఖ్యమైన మార్గాల్లో గంటగంటకూ అదే నిమిషానికి రైలు. ఆల్ప్స్‌లో చాలాచోట్ల రైలు దిగితే కేబుల్ కారు అందేలా వేళలు కుదిర్చి ఉంటాయి. వికారాబాద్ మీదుగా పోయే సికింద్రాబాద్–వాడి మార్గం 1874 నాటిది. పాతదే గానీ ఆ పొందిక మాత్రం లేదు. పల్నాడు ఎక్స్‌ప్రెస్‌నే తీసుకోండి. పొద్దున్నే గుంటూరులో బయల్దేరి, మధ్యాహ్నానికి వికారాబాద్ చేరి, కాసేపటికే వెనుదిరుగుతుంది. రానూపోనూ దాన్నే నమ్ముకుంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ చూసినట్టే!

అందుకే అసలు పనితనమంతా స్టేషన్ బయట కనిపిస్తుంది. కొండ ఆరేడు కిలోమీటర్ల దూరమే. తెలిసినవాళ్లు ఆటో ఎక్కకముందే, గుడి దగ్గర ఆగే సమయం కూడా కలిపి బేరం తేల్చేస్తారు. అనంత పద్మనాభస్వామి దర్శనం, మూసీ పుట్టిన అడవిలో నడక, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర. కోట్‌పల్లి జలాశయంలో పడవ నడపాలంటే ఇంకాస్త దూరం పోవాలి. ఆదివారం కొండా జలాశయమూ రెండూ కలిపితే హడావుడే. ఒకటి వదులుకోవడమే తెలివి.

కొందరు అదే మార్గంలో ఇంకా ముందున్న తాండూరు దాకా టికెట్ తీస్తారు. అక్కడ కొండల్లేవు, నాపరాళ్ల గనులున్నాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఉంది. రెండు కిలోల పప్పుకు సంచిలో చోటుంచుకోవడమూ ప్లాన్‌లో భాగమే.