ముందు తలుపు, తర్వాతే ర్యాక్

ఎండలు ముదరకముందే మోయాబ్ చూసి రావాలని ఏప్రిల్‌లో అందరికీ తొందర. యూటా ఎర్ర రాళ్ల మీద సైకిల్ తొక్కడానికి వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మేముండే కొలరాడో నుంచి అది ఒక్కపూట ప్రయాణం కాబట్టి సలహాలకి నాకే ఫోన్ చేస్తారు. "అన్నా, పికప్ మీదికి క్యాంపర్ కొన్నాం, సైకిళ్లకి ఏ ర్యాక్ తీసుకోమంటావ్?" అంటారు. కంపెనీ పేరు చెప్పడం సులువే. నేను మాత్రం ముందు తలుపు సంగతి అడుగుతాను.

ట్రక్ క్యాంపర్ వెనక తగిలించుకుని లాక్కెళ్లేది కాదు. పికప్ తొట్టిలో కూర్చోబెట్టే చిన్న ఇల్లు. పడక డ్రైవర్ నెత్తి మీదుంటుంది, పొయ్యీ సింకూ తొట్టిలో ఉంటాయి, తలుపు ఎక్కువగా వెనకవైపే. తొట్టి 8 అడుగులుంటే క్యాంపర్ అడుగుభాగం 10 అడుగులుండవచ్చు. ఆ మిగిలిన రెండడుగులూ బంపర్ దాటి బయటికొస్తాయి. సైకిల్ ర్యాక్ దూర్చే చదరపు గొట్టం, అదే హిచ్ రిసీవర్, వాటి కిందికి పోతుంది. ఆ పైన మెట్లొకటి. కార్ల కోసం చేసిన ర్యాక్ అక్కడ నేరుగా పట్టదు. రిసీవర్‌ని పొడిగించే ఎక్స్‌టెన్షన్ కావాలి.

అసలు చిక్కంతా ఆ పొడుగులోనే. చాలా ఎక్స్‌టెన్షన్లకి, అవి వాడితే హిచ్ మోయగల బరువుని సగానికి సగం తగ్గించి లెక్కేసుకోమని తయారుచేసినవాళ్లే చెబుతారు. ర్యాకులమ్మే కొన్ని కంపెనీలైతే ఎక్స్‌టెన్షన్ మీద అసలు పెట్టొద్దంటాయి. మట్టిరోడ్లకి వేరేగా తక్కువ అంకె ఇచ్చేవీ ఉన్నాయి. కొనేముందు పెట్టె మీది బొమ్మ కన్నా ఆ చిన్నక్షరాల కాగితం చదవాలి.

ఒక లెక్క వేద్దాం. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు ఒక్కోటి 60 పౌండ్లు, ర్యాక్ ఇంకో 60, మొత్తం 180. ఈ బరువు వెనక ఇరుసుకి 8 అడుగుల వెనకాల వేలాడుతోందనుకుందాం. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 12 అడుగులు. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 180 కాదు, 300 పౌండ్లు. ముందు చక్రాల మీద నుంచి 120 పౌండ్లు లేచిపోతాయి. మన బావుల దగ్గర ఏతం పనిచేసింది ఈ సూత్రం మీదే: బరువు ఎంతన్నదే కాదు, ఎంత దూరాన ఉందన్నదీ లెక్కే. స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలు కాబట్టి ఆ 120 పౌండ్లని నేను తేలిగ్గా తీసుకోను. నీళ్లూ సామానూ నింపిన క్యాంపర్‌తో ట్రక్కు అప్పటికే హద్దుకి దగ్గరగా ఉంటుంది. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీది అంకె చూడండి. తర్వాత హైవే పక్కనుండే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కించండి. అది ఏ ఇరుసు బరువు ఆ ఇరుసుకి విడిగా చూపిస్తుంది.

సన్నటి గొట్టానికి బదులు గట్టి ఏర్పాటూ ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని టోర్క్‌లిఫ్ట్ కంపెనీ చేసే సూపర్‌హిచ్‌లో రిసీవర్లు ఒకదాని కింద ఒకటి రెండుంటాయి. ఎక్స్‌టెన్షన్ రెండింటిలోనూ దూరుతుంది కాబట్టి అటూ ఇటూ ఊగదు. ఖరీదెక్కువే, అయినా క్యాంపర్ బాగా బయటికొచ్చిన బండికి నేను అదే చెబుతాను.

ఇక తలుపు. ర్యాక్‌ని వెనక్కి వంచవచ్చు అని దుకాణంలో గొప్పగా చూపిస్తారు. కారు డిక్కీ తెరవడానికి అది చాలు. క్యాంపర్‌కి చాలదు. వంచిన సైకిళ్లు సరిగ్గా మనం మెట్లు దిగి కాలు పెట్టేచోటే పడుకుంటాయి. కావలసింది తలుపులా మొత్తం పక్కకి తిరిగిపోయే ర్యాక్. దానికి కీలు బరువూ కలుస్తుంది, సైకిళ్లు ఇంకొన్ని అంగుళాలు వెనక్కి జరుగుతాయి. పైన వేసిన లెక్క మళ్లీ వేసుకోవాలి.

అయినా ఈ విషయంలో నేను రాజీపడను. లోపల గ్యాస్ పొయ్యి ఉంది, గ్యాస్‌తో నడిచే హీటర్ ఉంది. ప్రమాదం జరిగితే తప్పించుకోవడానికి పడక పైన కప్పులో చిన్న కిటికీ ఉంటుందంటారు. ఊరి నుంచి వచ్చి ఆరునెలలు మాతో ఉండే అమ్మ మోకాళ్లతో ఆ కిటికీ ఎక్కగలదా? ఆవిడ దిగేది వెనక తలుపు నుంచే, పక్కనున్న కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ. అందుకే రాత్రి బండి ఆగగానే, అన్నం వండకముందే, సైకిళ్లని పక్కకి తిప్పి పిన్ను వేసేస్తాను. తిప్పడానికి చోటులేని క్యాంప్‌సైట్ అయితే సైకిళ్లు దించేస్తాను.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. క్యాంపర్ నెత్తి మీదికి 60 పౌండ్ల సైకిల్ ఎక్కించడం అయ్యే పని కాదు. వెనక నిచ్చెనకి తగిలిస్తే కుదుపులకి దాని స్క్రూలు వదులై, ఆ రంధ్రాల్లోంచి వాననీళ్లు గోడలోకి దిగుతాయి. ముందు బంపర్‌కి పెడితే హెడ్‌లైట్లకి అడ్డం, పైగా కొండెక్కేటప్పుడు రేడియేటర్‌కి గాలి తగ్గుతుంది.

ర్యాక్ రకంలో, ఫ్రేముని ముట్టకుండా టైర్లని పట్టుకునే ట్రే రకమే మంచిది, కార్బన్ ఫ్రేములకైతే మరీను. సైలెన్సర్ గొట్టం ఎటు ఊదుతోందో వంగి చూడండి. ఆ వేడి గాలి గంటల తరబడి తగిలితే టైరూ రిమ్మూ పాడైపోతాయి. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలు తీసి లోపల పెట్టండి, బరువు తగ్గుతుంది.

ఇంట్లో నలుగురున్నారని నాలుగు సైకిళ్ల ర్యాక్ అడుగుతారు. రెండింటిది చాలంటాను. మిగతా రెండూ మోయాబ్‌లో అద్దెకి దొరుకుతాయి.