కాలువ పదాలు – నెట్‌వర్క్ పరిభాష: ‘బహుళప్రసారం’, ‘సొరంగం’ అనువాదాల పరిశీలన

కీలకపదాలు: పరిభాషాకల్పన, మల్టీకాస్ట్, టన్నెల్, సాగరు కుడికాలువ, వృత్తిపదాలు.

పరిభాషాకల్పనలో మూలపదానికి అర్థం చెప్పడం ఒకటి, ఆ పదం సూచించే క్రియను చెప్పడం వేరొకటి. నెట్‌వర్క్ పదాలను తెలుగు చేసేటప్పుడు మనం మొదటిదానితోనే తృప్తిపడుతున్నామని నా అభిప్రాయం. ‘మల్టీకాస్ట్’ను ‘బహుళప్రసారం’ అన్నప్పుడు జరిగేది ఇదే. ప్రసారమనగానే ఆకాశవాణి స్ఫురిస్తుంది. అడిగినా అడగకున్నా అందరికీ చేరేది. మల్టీకాస్ట్‌లో కావాలన్నవారి అభ్యర్థన రౌటరు నుంచి రౌటరుకు మూలస్థానం వైపు ఎదురునడుస్తుంది. ఆ దారి వెంటే ఒక్క ప్రతి దిగివస్తుంది. దారి చీలినచోట మాత్రమే రెండో ప్రతి తయారవుతుంది.

ఇది పట్టణాలకే పరిమితమైన ముచ్చట కాదు. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు టీవీని, ఇంటర్నెట్‌ను చేర్చింది. ఐపీటీవీలో ప్రత్యక్ష చానళ్లను సాధారణంగా పంపేది మల్టీకాస్ట్‌తోనే.

గుంటూరు, ప్రకాశం మిరప, పత్తి రైతులకు ఈ నిర్మాణం పరిచితమే. సాగరు కుడికాలువ, అద్దంకి బ్రాంచి, మేజరు, మైనరు, తూము, పంటబోదె: శాఖోపశాఖలుగా చీలే వ్యవస్థకు పదాలన్నీ అక్కడే ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని (1962) వ్యవసాయపదాలకే కేటాయించారు. పరిభాషాకర్తలు ముందుగా తిరగేయవలసింది దానిని. అయితే పోలిక ఒకచోట తెగుతుంది. కాలువ చీలితే నీరు పంపకమవుతుంది, మల్టీకాస్ట్‌లో ప్రతి శాఖకూ పూర్తి ప్రతే అందుతుంది. చివరి ఆయకట్టు రైతుకు ఈ తేడా ఎంతటిదో వివరించనక్కరలేదు.

‘ట్రాఫిక్ ఇంజనీరింగ్ టన్నెల్’ను ‘సొరంగం’ అనడంలో చిక్కు మరింత లోతైనది. రైలు సొరంగం తలపునకు వస్తే ఇరువైపులా రాకపోకలున్నట్లనిపిస్తుంది. ఇదేమో ఏకముఖం, డేటాను ఎంచుకున్న మార్గానికి మళ్లించే ఏర్పాటు. మల్టీకాస్ట్ రౌటరు తనకు చేరిన ప్రతి ప్యాకెట్‌ను పరీక్షిస్తుంది: మూలస్థానానికి పోవడానికి తన పట్టికలో ఉన్న దారినుంచే అది వచ్చిందా? పట్టికలో ఆ దారిగా సొరంగం నమోదై ఉంటే పరీక్ష తప్పుతుంది. సొరంగం పోవడానికే గాని రావడానికి కాదు గదా. ప్యాకెట్ వచ్చింది భౌతికమైన లంకె మీద. రౌటరు దానిని పారవేస్తుంది, టీవీ తెర ఖాళీ అవుతుంది. సిస్కో రౌటర్లలోని ‘మల్టీకాస్ట్ ఇంటాక్ట్’ అమరిక సొరంగాలను ఉంచుతూనే, ఈ పరీక్ష కోసం భౌతికమార్గాలను కూడా విడిగా నిలుపుతుంది. ‘ఇంటాక్ట్’ను ‘అక్షతం’ అంటే నిఘంటువుకు న్యాయం జరుగుతుంది. ఏది చెడకుండా ఉన్నదో మాత్రం, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులో చేరిన విద్యార్థికి తెలియదు. (తలంబ్రాలు గుర్తుకు రావచ్చు.) ‘భౌతికమార్గ రక్షణ’ అంటే తెలుస్తుంది.

‘సొరంగం’ను త్రోసిపుచ్చనక్కరలేదు. ప్రకాశం పడమటి ప్రాంతంలో సొరంగమంటే వెలిగొండ; శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణనీరు ఇటు రావడానికే తవ్వినది. ‘ఒకవైపు సొరంగం’ అంటే అక్కడివారికి వ్యాఖ్యానం అక్కరలేదు. మల్టీకాస్ట్‌ను మాత్రం అలాగే ఉంచడం మేలు. ‘మేజరు’, ‘మైనరు’ ఇంగ్లీషు నుంచి వచ్చినవే. రైతులు వాటికి బదులు వేరే మాట వెదకలేదు.