1200 పాయింట్ల పనితనం

కెనడా పీఆర్‌కు ప్రయత్నించే మనవాళ్లలో చాలామందికి ఒక పట్టిక కంఠతా వచ్చు. వయసుకు ఎంత, డిగ్రీకి ఎంత, ఐఈఎల్‌టీఎస్‌లో ఏ బ్యాండుకు ఎంత అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ మెట్లెక్కేవాళ్లకూ, డాలస్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తూ గ్రీన్ కార్డు మీద ఆశ వదులుకున్నవాళ్లకూ ఒకటే పట్టిక. పూర్తి పేరు కాంప్రిహెన్సివ్ ర్యాంకింగ్ సిస్టమ్, వాడుకలో సీఆర్‌ఎస్. నైపుణ్యం ఉన్నవాళ్లను పీఆర్‌కు ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతితో పాటు 2015 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొత్తం 1200 పాయింట్లు. ఎవరైనా దాన్ని తెరిచేది తమ స్కోరు చూసుకోవడానికే. స్కోరు సంగతి కాసేపు పక్కన పెట్టి, దాన్ని ఎలా కట్టారో చూడటానికి తెరిస్తే, సర్కారు కాగితాల్లో అరుదుగా దొరికే పనితనం కనబడుతుంది.

దాని విలువ తెలియాలంటే ముందు ఇదే దేశం రాసుకున్న పాత నిబంధన ఒకటి చూడాలి. వలస వచ్చేవాళ్లు తమ సొంత దేశం నుంచి, అక్కడే కొన్న టికెట్‌తో, దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా రావాలని 1908లో కెనడా ఉత్తర్వు తెచ్చింది. అందులో ఇండియా పేరు ఎక్కడా లేదు. కానీ ఇండియా నుంచి అలా నేరుగా వచ్చే ఓడ సర్వీసే లేదు. 1914లో కోమగాటమారు ఓడలో 376 మంది, అత్యధికులు పంజాబీలు, వాంకూవర్ చేరారు. రెండు నెలలు ఓడను రేవులోనే నిలిపి, కొద్దిమందిని దిగనిచ్చి, మిగతావాళ్లను వెనక్కి పంపేశారు. ఆ ఉత్తర్వు రాయడంలోనూ నేర్పు ఉంది. కాకపోతే అది ఉద్దేశాన్ని దాచే నేర్పు.

1962లో ఎలెన్ ఫెయిర్‌క్లా మంత్రిగా ఉండగా జాతి వివక్ష నిబంధనల్లో చాలావాటిని తొలగించారు. 1967 అక్టోబర్ 1 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది. అందులో తొమ్మిది అంశాలు, నూరు మార్కులు, 50 వస్తే అర్హత. చదువు, శిక్షణకు 20, వయసుకు 10, ఇంగ్లిష్ ఫ్రెంచ్ భాషలకు కలిపి 10, ఇలా అంతా ముందే అచ్చులో ఉంది. ఎదుట కూర్చున్న అధికారి తనకు తోచినట్టు వేయగలిగినవి 'వ్యక్తిగత అంచనా' కింద 15 మార్కులే. మనిషి ముఖం చూసి నిర్ణయించే అధికారాన్ని నూటికి పదిహేనుకు కుదించడం ఆ రోజుల్లో పెద్ద మాట. 2002లో కొత్త చట్టంతో వచ్చిన నిబంధనల్లో ఆ మార్కులు కూడా పోయాయి. ఈలోపు 1979లో ఆస్ట్రేలియా, 1991లో న్యూజిలాండ్ కూడా ఈ బాట పట్టాయి.

ఆ పద్ధతికీ ఒక జబ్బు ఉండేది. అర్హత మార్కు దాటిన దరఖాస్తునల్లా వరసలో పెట్టి తేల్చాలి. వరస ఏళ్ల తరబడి పెరిగింది. చివరికి 2012లో చట్టం చేసి, 2008 ఫిబ్రవరి 27కు ముందు పెట్టుకుని ఇంకా తేలని దరఖాస్తులను ఫీజు వాపసిచ్చి రద్దు చేశారు. దాదాపు 2,80,000 మంది ఆశలు ఒక్క కలంపోటుతో పోయాయి. అందుకే 2015లో వరసను ఎత్తేసి, అర్హులందరినీ ఒకచోట చేర్చి ఎప్పటికప్పుడు డ్రా తీసి పై స్కోరున్నవాళ్లను పిలిచే పూల్ పెట్టారు. ఇందులో వాళ్లు న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి నేర్చుకున్నారు. నైపుణ్య కార్మికుల విభాగంలో పాత తరహా మార్కులు, ఇప్పటి అర్హత నూటికి 67, పూల్‌లోకి రానిచ్చే గడప మాత్రమే. లోపలికి వచ్చాక ర్యాంకు తేల్చేది సీఆర్‌ఎస్.

ఇక పట్టికలోకి వద్దాం. వయసు వరస చూడండి. ఒంటరి దరఖాస్తుదారుకు 20 నుంచి 29 ఏళ్ల వరకు 110. ముప్ఫై నిండితే 105, తర్వాత ఏడాదికొకటి చొప్పున 99, 94, 88, 83, 77. ఓసారి ఐదు, ఓసారి ఆరు తగ్గుతోంది. ఎందుకీ కుంటి నడక అనిపిస్తుంది. పక్కనే ఉన్న, జీవిత భాగస్వామితో కలిసి వచ్చేవాళ్ల గడి చూస్తే గుట్టు విడుతుంది. అక్కడ 100, 95, 90, 85, 80 అని సాఫీగా ఐదేసి దిగుతాయి. దాన్ని 1.1తో హెచ్చవేసి, అర వస్తే పైకి సవరిస్తే ఒంటరి గడి అంకెలు ఒక్కటీ తప్పకుండా వస్తాయి. 41వ ఏడు నుంచి దిగుడు రెట్టింపవుతుంది. ఒకవైపు పదేసి, ఇంకోవైపు పదకొండేసి. 45 నిండితే రెండు గడుల్లోనూ సున్నా. రెండు వరసలూ ఒకే కొలబద్ద మీద గీసినవని తెలిశాక, ఆ పట్టిక రాసినవాళ్లు లెక్క తప్పకుండా కూర్చున్నారని నమ్మకం కలుగుతుంది.

భార్యాభర్తల విషయంలో తూకం ఇంకా సున్నితం. ఒంటరివాళ్లకు మూల అంశాల్లో గరిష్ఠం 500. జంటగా వస్తే ప్రధాన దరఖాస్తుదారుకు 460, మిగతా 40 భాగస్వామివి. చదువుకు 10, భాషకు 20, కెనడాలో చేసిన పనికి 10. ఇద్దరిలో ఎవరైనా ప్రధాన దరఖాస్తుదారు కావచ్చు. భర్త పేరు మీద ఒకసారి, భార్య పేరు మీద ఒకసారి లెక్క కట్టి చూస్తే భార్య స్కోరే ఎక్కువ తేలవచ్చు. ఇంటి పెద్ద ఎవరన్న ప్రశ్న పట్టికకు లేదు.

అసలు పనితనం ఈ అంకెల్లో కన్నా వాటి జోడింపులో ఉంది. మంచి వడ్రంగి మేకు కొట్టకుండా రెండు చెక్కలను కుసి దూర్చి బిగించినట్టు, ఇక్కడ ఒక అర్హత ఇంకో అర్హతను పట్టుకుంటేనే నిలుస్తుంది. నైపుణ్య బదిలీ పేరుతో ఉన్న వంద పాయింట్ల విభాగం అదే. మన ఇంజినీరు హైదరాబాద్‌లో పదేళ్లు పనిచేశాడనుకోండి. ఆ అనుభవానికి దానంతట దానికి సీఆర్‌ఎస్‌లో ఒక్క పాయింటు కూడా లేదు. భాషతోనో, కెనడాలో చేసిన పనితోనో జతపడినప్పుడే దానికి విలువ. మూడేళ్లు నిండిన అనుభవానికి ఇంగ్లిష్ నాలుగు విభాగాల్లోనూ కెనడా భాషా కొలమానం సీఎల్‌బీలో 7 ఉంటే 25, నాలుగింటా 9 ఉంటే 50. మూడేళ్లయినా పదమూడేళ్లయినా అంతే. మాస్టర్స్ డిగ్రీకీ భాషతో ఇలాగే, 25 లేదా 50.

దగ్గరగా చూస్తే ఎంత బిగువుగా ఉందో అర్థమవుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల ఒంటరి అమ్మాయి అనుకుందాం. మాస్టర్స్ ఉంది, ఇండియాలో నాలుగేళ్ల ఉద్యోగం ఉంది. ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, రీడింగ్ 7, స్పీకింగ్ 7 వచ్చాయి. రైటింగ్ మాత్రం 6.5 దగ్గర ఆగింది. వయసుకు 110, చదువుకు 135, భాషకు 116, జోడింపులకు 50. మొత్తం 411. ఇప్పుడు రైటింగ్ ఒక్కటి 7 అయిందనుకోండి. భాషలో పెరిగేది ఎనిమిదే. కానీ నాలుగు విభాగాలూ సీఎల్‌బీ 9ని తాకాయి గనుక చదువు జోడింపు 25 నుంచి 50కి, అనుభవం జోడింపు కూడా 25 నుంచి 50కి పోతాయి. మొత్తం 469. అర బ్యాండుకు 58 పాయింట్లు! ఐఈఎల్‌టీఎస్ మళ్లీ మళ్లీ రాసేవాళ్లను చూసి పిచ్చి అనుకునేవాళ్లకు సమాధానం ఈ లెక్కలో ఉంది. డిగ్రీ, అనుభవం ఉన్నా భాష రాక కొత్త దేశంలో టాక్సీ నడుపుకునే పరిస్థితి రాకూడదన్న ఆలోచనను, ఉపన్యాసం లేకుండా, మూడు గడుల్లో చెప్పేశారు.

ఇంకో బిగింపు 600. ఏదైనా ప్రావిన్స్ నామినేట్ చేస్తే వచ్చే పాయింట్లవి. ఎందుకు సరిగ్గా 600? మూల అంశాల 500, జోడింపుల 100 కలిపితే 600. అంటే మనిషి వయసు, చదువు, భాష, అనుభవం అన్నీ కలిపి ఒక తట్టలో పెడితే, 'మాకు ఈ మనిషి కావాలి' అన్న ప్రావిన్స్ మాట ఇంకో తట్టలో సమానంగా తూగుతుంది. దేశానికీ ప్రావిన్సులకూ మధ్య అధికారాల పంపకాన్ని ఒక్క అంకెలో ఇంత కచ్చితంగా రాయడం మామూలు విషయం కాదు.

మంచి పనివాడి గుణం ఇంకోటి, చెడిన అతుకును ఒప్పుకుని విప్పేయడం. మొదట్లో ఉద్యోగ ఆఫర్‌కు కూడా 600 ఉండేవి. 2016 నవంబర్‌లో దాన్ని ఉద్యోగ స్థాయిని బట్టి 50కో 200కో దించారు. అయినా ఆఫర్ లెటర్లు డబ్బుకు అమ్ముడుపోతున్నాయని, 2025 మార్చి 25 నుంచి ఆ పాయింట్లు పూర్తిగా తీసేశారు. దాపరికమూ లేదు. స్కోర్లు సమానమైతే ప్రొఫైల్ ముందు పెట్టినవాళ్లకే ప్రాధాన్యం. ప్రతి డ్రా ఫలితంతో పాటు, సమాన స్కోర్ల మధ్య గీత గీసిన తేదీ, గంట, నిమిషం, సెకను కూడా అందరికీ కనబడేలా పెడతారు. 1908 నాటి దాపరికానికి ఇది పూర్తిగా ఎదురు రాత.

పట్టిక ఎంత బాగా కట్టినా, మన జీవితాన్ని దానికి అమర్చే పని మనదే. అందులో కష్టమైనది ఎక్స్‌పీరియన్స్ లెటర్. కెనడాకు హోదా పేరుతో పనిలేదు, చేసిన పనితో పని. మన కంపెనీల్లో అసోసియేట్, మాడ్యూల్ లీడ్, సీనియర్ కన్సల్టెంట్ అని ఎన్ని పేర్లున్నా, ఎన్‌ఓసీ అనే వృత్తుల జాబితాలో ఐదంకెల కోడ్ ఒకదానికి ఆ పని సరిపోవాలి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు 21231, రిజిస్టర్డ్ నర్సుకు 31301. లెటర్‌హెడ్ మీద హోదా, తేదీలు, వారానికి గంటలు, జీతం, చేసిన పనులు, సంతకం పెట్టినవారి పేరు, హోదా ఉండాలి. చాలా హెచ్‌ఆర్ విభాగాలు ఇచ్చేది తేదీలున్న రెండు లైన్ల కాగితమే. 'పలు ప్రాజెక్టుల్లో కీలక పాత్ర పోషించారు' అన్న వాక్యం వీడ్కోలు సభలో బాగుంటుంది, ఫైల్లో పనికిరాదు. 'బ్యాంకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌కు డిజైన్ రాసి, నలుగురి కోడ్ సమీక్షించి, తప్పులు సరిదిద్దారు' అన్న వాక్యం నిలుస్తుంది. ఎన్‌ఓసీలోని వాక్యాలను ఉన్నవున్నట్టు దించితే అధికారికి అనుమానం వస్తుంది. అబద్ధమని తేలితే చట్టంలోని 40వ సెక్షన్ కింద ఐదేళ్ల నిషేధం. ఆహ్వానం, అంటే ఐటీఏ, వచ్చాక పూర్తి దరఖాస్తుకు గడువు 60 రోజులే కాబట్టి ఈ లెటర్ల పని ముందే మొదలుపెట్టాలి.

లోపాలు లేవా? ఉన్నాయి. స్కోరు ఎంత వస్తే చాలో పట్టిక చెప్పదు. పూల్‌లో ఎవరున్నారు, ఆ డ్రాలో ఎందరిని పిలుస్తున్నారు అన్నదే తేలుస్తుంది. 2021 ఫిబ్రవరి 13న కోవిడ్ వేళ, కెనడాలో పని అనుభవం ఉన్నవాళ్ల డ్రాలో కటాఫ్ 75కి దిగి ఒకేసారి 27,332 మందిని పిలిచారు. 2024లో సాధారణ డ్రాలు అన్నీ 520కి పైనే ఆగాయి. మనం లెక్కకట్టిన 469 అమ్మాయికి అప్పుడు పిలుపు రాదు. 2023 నుంచి వైద్యం, సాంకేతిక రంగాలు, ఫ్రెంచ్ లాంటి కేటగిరీల వారీగా కూడా పిలుస్తున్నారు గనుక ఒకే స్కోరుకు ఒకరికి తలుపు తెరుచుకుంటుంది, ఒకరికి తెరుచుకోదు. నలభై దాటిన మనిషి నేర్పును ఏడాదికి పదకొండు చొప్పున కోసేయడం న్యాయమా అంటే, అది ఆ దేశం తన అవసరానికి కట్టుకున్న పట్టిక, మన మేలుకు కట్టింది కాదు.

అయినా పక్కదేశంతో పోల్చి చూడండి. అమెరికాలో ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా దాదాపు ఏడు శాతం పరిమితి. ఇండియాలో పుట్టామన్న ఒక్క కారణానికి మనవాళ్లు ఏళ్ల తరబడి ప్రయారిటీ డేట్, అంటే వరసలో తమ తేదీ, చూసుకుంటూ కూర్చోవాలి. 2023 జులైలో హెచ్-1బీ ఉన్నవాళ్ల కోసం కెనడా 10,000 వర్క్ పర్మిట్లకు దరఖాస్తులు తెరిస్తే రెండు రోజుల్లోపే నిండిపోయాయి. సీఆర్‌ఎస్ పట్టికలో పుట్టిన దేశానికి గడి లేదు. ఒకప్పుడు ఇండియా పేరు రాయకుండానే ఇండియన్లను ఆపిన దేశం, ఇప్పుడు ఎవరి పేరూ అడగని కొలత రాసింది. నా దృష్టిలో ఈ పట్టికకు దక్కాల్సిన మెప్పు అందుకే.

పీఆర్ ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. సీఆర్‌ఎస్ స్కోరు లెక్కకట్టే సాధనాన్ని కెనడా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. పాయింట్లు చెప్పడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. సహాయం కావాలంటే కెనడాలో లైసెన్సు ఉన్న కన్సల్టెంటేనా, లాయరేనా అని నంబరు అడిగి సరిచూసుకోండి. అంతకన్నా ముందు ఒక సాయంత్రం కూర్చుని ఆ పట్టికను మీరే చదవండి. చదివితే అర్థమయ్యేలా రాశారు.